ఆట వెనుక ఖాతా

(వీడియో ఆటలలో ఒక ఖాతాను మరొక ఖాతాతో తప్పనిసరిగా కలపాలన్న నిబంధన ఎలా పనిచేస్తుందో, దాని వల్ల ఆటగాని వ్యక్తిగత సమాచారం ఏ దారిన పోతుందో తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.)

చెడుగుడు ఆడాలంటే గుక్క తిప్పుకోకుండా కూత పెట్టగల ఊపిరి ఉంటే చాలు. బిళ్ళంగోడుకు రెండు కర్రముక్కలు, గోళీలాటకు నేలలో ఒక చిన్న గుంట సరిపోతాయి. ఆడవచ్చిన పిల్లవాని పుట్టినతేదీ ఎంత, తండ్రి ఫోను నంబరు ఏది అని ఎవరూ అడగరు. చీకటిపడి ఎవరి ఇళ్లకు వారు వెళ్లిపోయాక, ఎవడు ఎన్ని గంటలకు వచ్చాడో, ఎవనితో జట్టు కట్టాడో, ఎన్నిసార్లు ఓడి ఉక్రోషపడ్డాడో రాసిపెట్టుకొనేవారూ ఉండరు. తొలినాటి వీడియో ఆటలు కూడా దాదాపు ఇలాంటివే. టీవీకి తగిలించిన చిన్న పెట్టెలో క్యాసెట్ పెట్టి మీట నొక్కితే ఆట మొదలయ్యేది. ఆడుతున్నది ఎవరో ఆ క్యాసెట్‌కు తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు.

ఈనాటి ఆట అలా మొదలు కాదు. ముందు ఖాతా తెరవమంటుంది. ఆ తరువాత ఆ ఖాతాను ఫేస్‌బుక్‌తోనో, గూగుల్‌తోనో, ఆటను అమ్మిన సంస్థ నడిపే మరొక సేవతోనో కలపమంటుంది. కొన్ని ఆటలలో ఇది ఆటగాని ఇష్టం. మరికొన్నింటిలో ఇష్టాయిష్టాల ప్రసక్తి లేదు. కలపనిదే తలుపు తెరుచుకోదు. దీనినే ఖాతాల తప్పనిసరి అనుసంధానం అంటారు. చూడడానికి ఇది ఒక మీట నొక్కడంతో తీరిపోయే పని. కాని ఆ మీట వెనుక ఉన్నది చిన్న విషయం కాదు.

హైదరాబాదుకు తూర్పున ఉప్పల్ శాసనసభ నియోజకవర్గంలో ఉన్న ఏఎస్ రావు నగర్ ఈ విషయాన్ని నిలబడి ఆలోచించడానికి తగిన చోటు. ఆ నగర్‌కు పేరిచ్చిన అయ్యగారి సాంబశివరావు 1914లో పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోను చదివి, అణుశక్తి శాఖలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని తీర్చిదిద్దారు. 1967లో హైదరాబాదులో స్థాపించబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ (ఈసీఐఎల్) ఆయన కృషి ఫలమే. ఆ సంస్థ నుండి టీడీసీ-12 వంటి తొలితరం భారతీయ కంప్యూటర్లు వెలువడ్డాయి. 1972లో పద్మభూషణ్ అందుకొన్న సాంబశివరావు 2003లో కన్నుమూశారు. ఈసీఐఎల్ ఉద్యోగుల నివాసాలతో పెరిగిన కాలనీ ఆయన పేరును నిలుపుకొన్నది. నేడు ఈసీఐఎల్ చౌరస్తా నుండి సైనిక్‌పురి వైపు వెళ్లే బస్సులో కూర్చొన్న కళాశాల విద్యార్థి చేతిలోని ఫోను, సామర్థ్యంలో, ఆ టీడీసీ-12కు ఎన్నో రెట్లు మించినది.

ఆ సంస్థలోనే రూపుదిద్దుకొన్న మరొక యంత్రాన్ని ఇక్కడ ప్రత్యేకంగా పేర్కొనాలి. అది ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం. ఎన్నికల సంఘం 1977లో ఈ పనిని ఈసీఐఎల్‌కు అప్పగించగా, 1979లో నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న దానిని రాజకీయ పక్షాల ప్రతినిధుల ముందు ప్రదర్శించారు. 1982 మే 19న కేరళలోని పరవూరులో 50 పోలింగు కేంద్రాలలో యంత్రంతో ఓటు వేయించారు. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ కూడా ఈ యంత్రాలను తయారుచేస్తున్నది.

ఓటింగ్ యంత్రానికీ వీడియో ఆటకూ ఏమి సంబంధం అన్న సందేహం కలగవచ్చు. పోలింగు కేంద్రంలో జరిగే పనిని గమనిస్తే సంబంధం తెలుస్తుంది. అక్కడ రెండు చోట్ల లెక్క నమోదవుతుంది. ఒకటి, అధికారి ముందున్న రిజిస్టరు. అందులో ఓటరు వరుస సంఖ్య, సంతకం ఉంటాయి. ఎవరికి ఓటు వేశారో ఉండదు. రెండవది, అట్ట చాటున ఉన్న యంత్రం. అందులో ఓటు ఉంటుంది. వేసినవారి పేరు ఉండదు. రిజిస్టరుకు మనిషి తెలుసు, మనసు తెలియదు. యంత్రానికి మనసు తెలుసు, మనిషి తెలియడు. యంత్రాన్ని ఏ నెట్‌వర్కుకూ కలపరు. ఓటు పడినట్లు చూపే కాగితపు చీటీ మీద సైతం అభ్యర్థి పేరు, గుర్తు, వరుస సంఖ్య మాత్రమే ఉంటాయి. అది ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది. ఫలితాల వేళ యంత్రం చెప్పేది ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు అన్న మొత్తాన్ని మాత్రమే. ఈ రెండు లెక్కలను కలపకపోవడం సాంకేతిక లోపం కాదు. కలపకూడదన్నదే దాని నిర్మాణంలోని ముఖ్య సూత్రం. రహస్య ఓటు అన్న మాటకు అర్థం అదే.

వీడియో ఆటల ఖాతాల విషయంలో జరుగుతున్నది దీనికి సరిగ్గా ఎదురు పని.

ఏఎస్ రావు నగర్‌లో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదివే ఒక విద్యార్థిని ఊహించుకోవచ్చు. అతనికి ఒక ఆటలో ఖాతా ఉన్నది. అందులో అతని పేరు సొంత పేరు కాదు. సరదాగా పెట్టుకొన్న మారుపేరు. ఆ సంస్థకు తెలిసినవి అతడు ఆడే వేళలు, గెలుపోటములు, జట్టులోని మారుపేర్లు, కొన్న వస్తువులు, ఫోను గుర్తింపు సంఖ్య. ఇవన్నీ ఎవరివో చెప్పే ముఖం అక్కడ లేదు. అతనికే ఒక సామాజిక మాధ్యమంలో ఖాతా ఉన్నది. అందులో సొంత పేరు, ఛాయాచిత్రం, కళాశాల, మేనత్త కొడుకులు, సంక్రాంతికి వెళ్లిన ఊరు ఉన్నాయి. అతడు అర్ధరాత్రి ఏం చేస్తాడో మాత్రం అక్కడ లేదు. రెండూ విడివిడిగా సగం సగం బొమ్మలు. వాటిని కలిపిన క్షణాన, ఫలానా కళాశాలలో చదివే ఫలానా అబ్బాయి పరీక్షల ముందు రోజు రాత్రి ఒంటిగంట వరకు మేల్కొన్నాడని, వరుసగా మూడుసార్లు ఓడిన తరువాత మూడు వందల రూపాయలు ఖర్చుపెట్టాడని, పండుగ సెలవులలో మరొక ఊరి నుండి ఆడాడని తెలిసే వీలు ఏర్పడుతుంది. కిరాణా కొట్టు పద్దునూ, మందుల దుకాణం చీటీలనూ ఒకచోట కుట్టి చదివితే ఒక కుటుంబం సంగతి ఎంత తెలుస్తుందో, ఇదీ అంతే. కొత్త సమాచారం ఏదీ చేరలేదు. ఉన్న రెండూ కలిశాయి. ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెత పుట్టిన నాటికి కంప్యూటర్లు లేవు కాని, బయటి బలం కన్న లోపలి కబురే ప్రమాదమన్న ఎరుక అప్పటికే ఉన్నది.

సాంకేతికంగా ఈ అనుసంధానం ఎలా జరుగుతుందో తెలిసికొనడం అవసరం. ఫేస్‌బుక్ ద్వారా ఆటలోకి ప్రవేశించినప్పుడు, ఆ ఖాతా రహస్యపదం ఆట సంస్థ చేతికి వెళ్లదు. ఈ వ్యక్తి మా ఖాతాదారుడే అని ధ్రువపరిచే ఒక సంకేతపు చీటీని ఫేస్‌బుక్ ఆటకు అందజేస్తుంది. దీనిని టోకెన్ అంటారు. దానితోపాటు ఆటగాడు అంగీకరించిన మేరకు పేరు, ఛాయాచిత్రం, ఈమెయిలు చిరునామా వంటివి అందుతాయి. రహస్యపదం పంచుకోనక్కరలేకపోవడం ఇందులోని మేలు. అయితే దారి ఒకవైపే నడవదు. ఈ వ్యక్తి ఈ ఆట తెరిచాడన్న సంగతి ఫేస్‌బుక్‌కు కూడా తెలుస్తుంది. చాలామంది గమనించని భాగం ఇదే.

ఈ విషయం తెలుగునాట లక్షలాది ఇళ్లలోకి వచ్చింది పబ్జీ ఆటతో. దక్షిణ కొరియాకు చెందిన సంస్థ రూపొందించిన ఈ ఆట మొబైలు రూపంలో చైనాకు చెందిన టెన్సెంట్ సహకారంతో 2018లో ప్రపంచమంతటా విడుదలైంది. 2020 సెప్టెంబరు 2న భారత ప్రభుత్వం సమాచార సాంకేతిక చట్టంలోని 69ఎ సెక్షన్ కింద 118 యాప్‌లను నిషేధించింది. వాటిలో పబ్జీ మొబైల్ ఒకటి. వాడకందారుల సమాచారం అనుమతి లేకుండా దేశం వెలుపలి సర్వర్లకు చేరుతున్నదన్న ఫిర్యాదులను ప్రభుత్వం తన ప్రకటనలో ప్రస్తావించింది. అదే ఏడాది అక్టోబరు 30న ఆట భారతదేశంలో పూర్తిగా ఆగిపోయింది.

2021 జులై 2న అదే ఆట బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అన్న పేరుతో, క్రాఫ్టన్ సంస్థ నిర్వహణలో తిరిగి వచ్చింది. అప్పుడు ఆటగాళ్ల ముందు ఒక ప్రశ్న నిలిచింది. పాత ఆటలో రెండేళ్లు కష్టపడి సంపాదించుకొన్న స్థాయి, డబ్బు పెట్టి కొనుక్కొన్న దుస్తులు, ఆయుధాలు కొత్త ఆటలోకి రావాలా, వద్దా? రావాలంటే పాత ఆటకు వాడిన ఫేస్‌బుక్, ట్విట్టర్ వంటి ఖాతాతోనే ప్రవేశించి, పాత నిర్వాహక సంస్థ దగ్గర ఉన్న తమ సమాచారాన్ని కొత్త సంస్థకు బదిలీ చేయడానికి సమ్మతి తెలపాలి. సమ్మతించకపోయినా కొత్తగా ఆడుకోవచ్చు. కాని మొదటి మెట్టు నుండి మొదలుపెట్టాలి. పెరట్లో పెంచుకొన్న చెట్టును వదిలి రమ్మంటే ఎవరికి కాళ్లు కదులుతాయి? పదిహేడేళ్ల కుర్రవాడు ఆ సమ్మతి పత్రాన్ని చదివి ఉంటాడని అనుకోవడం అమాయకత్వమే అవుతుంది.

విడుదలకు ముందు, 2021 జూన్ నెలలోనే, ప్రయోగదశలో ఉన్న ఆట చైనాలోని సర్వర్లతో సంబంధం పెట్టుకొంటున్నదని వార్తలు వచ్చాయి. ఇతర అంతర్జాతీయ యాప్‌ల వలెనే బయటి సంస్థల సాంకేతిక సేవలను వాడుతున్నామని, వాడకందారుల సమ్మతి మేరకే సమాచారం వెళ్లిందని సంస్థ వివరణ ఇచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో మరొక చిక్కు వచ్చింది. ఫేస్‌బుక్ తన నిబంధనలను మార్చడంతో, దాని ద్వారా ఆటలోకి ప్రవేశించేవారు ఫోనులో ఫేస్‌బుక్ యాప్‌ను కూడా ఉంచుకోవలసి వచ్చింది. ఆడేది ఒక ఆట. దానికి తోడుగా మోయవలసినది మరొక సంస్థ యాప్. ముడి ఒకసారి పడితే ఒక కొస ఎవరు లాగినా రెండవ కొస కదులుతుందనడానికి ఇంతకన్న తేటైన ఉదాహరణ దొరకదు. 2022 జులై 28న ప్రభుత్వ ఆదేశంతో ఈ ఆట కూడా యాప్ దుకాణాల నుండి తొలగిపోయింది. సర్వర్లు ఉండే చోటు, సమాచార భద్రత మొదలైన అంశాలలో షరతులకు లోబడినందున 2023 మే నెలలో మూడు నెలల పరిశీలనకు అనుమతి లభించి, తిరిగి వచ్చింది. ఇంత జరిగినా వీధి మలుపుల వద్ద గుంపుగా కూర్చొని ఆడే పిల్లలకు తెలిసినది, ఆట పోయింది, ఆట వచ్చింది అన్నంత మాత్రమే.

అనుసంధానాన్ని తప్పనిసరి చేసినప్పుడు ఆటగాళ్లు మూకుమ్మడిగా ఎదురు తిరిగిన సందర్భం 2024లో కనిపిస్తుంది. స్వీడన్‌కు చెందిన యారోహెడ్ సంస్థ తయారుచేయగా సోనీ ప్రచురించిన హెల్‌డైవర్స్ 2 అనే ఆట ఆ సంవత్సరం ఫిబ్రవరి 8న విడుదలైంది. కంప్యూటరు మీద ఆడేవారు దీనిని స్టీమ్ అనే అంతర్జాల దుకాణంలో కొన్నారు. సోనీ వారి ప్లేస్టేషన్ ఖాతాతో కలపాలన్న నిబంధన మొదటినుండి ఉన్నదే కాని, విడుదల నాటి సాంకేతిక ఇబ్బందుల వల్ల దానిని దాటివేయడానికి వీలు కల్పించారు. లక్షలమంది ఖాతా కలపకుండానే మూడు నెలలు హాయిగా ఆడారు. మే 3న సోనీ ఒక ప్రకటన చేసింది. కొత్తవారు మే 6 నుండి, పాతవారు జూన్ మొదటి వారానికి ప్లేస్టేషన్ ఖాతా కలపవలసిందే అన్నది దాని సారాంశం. ఆటగాళ్ల రక్షణ కోసం, వేధింపులకు పాల్పడేవారిని గుర్తించి బహిష్కరించడం కోసం ఇది అవసరమని సంస్థ చెప్పింది.

డబ్బు చెల్లించి వస్తువును ఇంటికి తెచ్చుకొన్న మూడు నెలల తరువాత దుకాణదారు వచ్చి, ఇకపై దీనిని వాడాలంటే మా చుట్టంవారి పుస్తకంలో కూడా పేరు రాయాలి అంటే ఎలా ఉంటుంది? ఏరు దాటి తెప్ప తగలేసినట్లుందని ఆటగాళ్లు భావించారు. పైగా ప్లేస్టేషన్ సేవ లేని దేశాలు, ప్రాంతాలు 170కి పైగా ఉన్నాయి. అక్కడివారు నిజాయితీగా ఖాతా తెరవాలన్నా తెరవలేరు. వాటిలో ఆట అమ్మకమే నిలిచిపోయింది. భారతదేశంలో ఆ సేవ ఉన్నందువల్ల ఇక్కడివారికి ఆ అడ్డంకి లేదు. షరతు మాత్రం వీరికీ ఒకటే. రెండు మూడు రోజులలో రెండు లక్షలకు పైగా ప్రతికూల సమీక్షలు స్టీమ్‌లో వచ్చి పడ్డాయి. మే 6 నాటికి సోనీ తన నిర్ణయాన్ని వెనక్కు తీసుకొంది. అయితే అదే సంవత్సరం సెప్టెంబరులో కంప్యూటరుకు వచ్చిన గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్‌ను ఒంటరిగా ఆడుకొనే ఆట అయినప్పటికీ ఖాతా లేనిదే తెరవనివ్వలేదు. 2025 జనవరిలో ఆ ఆటతో సహా కొన్నింటికి ఖాతా ఐచ్ఛికమని, కలిపినవారికి ఆటలో చిన్న కానుకలు ఇస్తామని సోనీ ప్రకటించింది. బెత్తం పోయి బెల్లంముక్క వచ్చింది.

ఆటగాళ్ల కోపంలో పాత జ్ఞాపకం ఒకటి ఉన్నది. 2011 ఏప్రిల్‌లో ప్లేస్టేషన్ నెట్‌వర్కులోకి చొరబాటుదారులు ప్రవేశించారు. సుమారు 7 కోట్ల 70 లక్షల ఖాతాల సమాచారం బయటపడింది. పేర్లు, చిరునామాలు, ఈమెయిలు, పుట్టినతేదీలు, రహస్యపదాలు అందులో ఉన్నాయి. సేవ మూడు వారాలకు పైగా మూతపడింది. ఈ దాడిని నివారించగలిగి ఉండవలసిందంటూ బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం 2013 జనవరిలో రెండున్నర లక్షల పౌండ్ల జరిమానా విధించింది. రహస్యపదాన్ని మార్చుకోవచ్చు. బ్యాంకు కార్డును రద్దు చేయించవచ్చు. పుట్టినతేదీని మార్చుకొనడం ఎవరి తరమూ కాదు. ఒకసారి పోయిన కొన్ని వివరాలు జీవితాంతం పోయినట్లే. ఎన్ని చోట్ల ఖాతాలు ఉంటే అన్ని చోట్ల దొంగకు ద్వారాలు ఉన్నట్లు. అవి ఒకదానితో ఒకటి కలిసి ఉంటే ఒక గది నుండి మరొక గదికి దారి కూడా ఉన్నట్లు.

ఇంత చెప్పినప్పటికీ అనుసంధానాన్ని పూర్తిగా చెడ్డదని తీర్పు ఇవ్వడం న్యాయం కాదు. ఫోను పోయినా, పగిలినా ఖాతా కలిపి ఉన్నవాడు తన ఆటను తిరిగి పొందుతాడు, కలపనివాడు పొందలేడు. మోసంతో గెలిచే ఆటగాణ్ణి బహిష్కరిస్తే, ఖాతా అక్కరలేని చోట అతడు మరుక్షణమే కొత్త పేరుతో ప్రత్యక్షమవుతాడు. కంప్యూటరు మీద ఆడేవాడు, టీవీ పెట్టె మీద ఆడే స్నేహితునితో జట్టు కట్టాలంటే ఏదో ఒక ఉమ్మడి గుర్తింపు కావాలి. మాటలతో వేధించేవారి నుండి ఆడపిల్లలను కాపాడడానికి కూడా సంస్థకు ఎవరు ఎవరో తెలియాలి. ఇవి సాకులు కావు, నిజమైన అవసరాలే. కాని ఈ అవసరాలలో చాలావాటికి ఆ ఆటలోని ఒక్క ఖాతా చాలు. రెండవ ఖాతా ఎందుకన్న ప్రశ్నకు సంస్థలు ఇచ్చే జవాబు అంత తేటగా ఉండదు. ఒంటరిగా ఆడే ఆటకు కూడా ఖాతా అడిగినప్పుడు మోసగాళ్ల సంగతి, వేధింపుల సంగతి చెప్పడానికి వీలుండదు. అక్కడ మిగిలేది సంస్థ తన వాడకందారుల సంఖ్యను, వారి అలవాట్లను లెక్కించుకోవాలన్న కోరిక.

పిల్లల విషయంలో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. ఇటుకల వంటి దిమ్మెలతో ఇళ్లు కట్టుకొనే మైన్‌క్రాఫ్ట్ ఆట తెలియని పిల్లలు నగరాలలో తక్కువ. ఆ ఆటను కొన్న మైక్రోసాఫ్ట్, పాత మోజాంగ్ ఖాతాలన్నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలుగా మారాలని 2020లో ప్రకటించింది. 2023 సెప్టెంబరు 19 తరువాత మారే అవకాశం కూడా లేకుండా పోయింది. గడువు తెలియని పాత ఆటగాళ్లు తాము కొన్న ఆటనే పోగొట్టుకొన్నారు. అదే 2023 జూన్‌లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తీసుకొన్న చర్యతో మైక్రోసాఫ్ట్ 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొంది. ఎక్స్‌బాక్స్ ఖాతా తెరవబోయిన చిన్నపిల్లల వివరాలను తల్లిదండ్రుల అనుమతికి ముందే సేకరించడం, తల్లిదండ్రులు ప్రక్రియను పూర్తిచేయకపోయినా ఆ వివరాలను అట్టిపెట్టుకోవడం అందులోని ఆరోపణలు.

భారతదేశంలో ఈ అంశానికి మూలాధారం 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ వ్యాజ్యం వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి. తొంబయ్యవ పడికి చేరువలో ఉన్న వ్యక్తి, ఆధార్ విషయమై కోర్టు మెట్లెక్కి సాధించిన ఈ తీర్పు నేడు ఫోనులో ఆడుకొనే పిల్లవానికి కూడా రక్షణగా నిలుస్తున్నది.

ఆ తీర్పు వెలుగులో పార్లమెంటు 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని చేసింది. సమ్మతి అన్నది స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందిగ్ధం లేకుండా ఇచ్చినదై ఉండాలని ఈ చట్టం చెబుతున్నది. అంతేకాదు, చెప్పిన పనికి అవసరమైనంత సమాచారానికే ఆ సమ్మతి పరిమితం. చట్టంలోనే ఇందుకు ఒక దృష్టాంతం ఉన్నది. దూరం నుండి వైద్యసలహా ఇచ్చే ఒక యాప్, ఫోనులోని నంబర్ల జాబితాను చూడడానికి కూడా అనుమతి అడిగింది. ఆమె సరే అన్నది. అయినా వైద్యసలహాకు ఆ జాబితాతో పనిలేదు కనుక, ఆమె సమ్మతి వైద్యసలహాకు అవసరమైన సమాచారానికి మాత్రమే చెల్లుతుంది. వైద్యం అన్న చోట ఆట అన్న మాటను పెట్టి చదివితే, ఖాతాల అనుసంధానం గురించి అడగవలసిన ప్రశ్న దానంతట అదే బయటపడుతుంది.

ఈ చట్టం దృష్టిలో పద్దెనిమిదేళ్లు నిండనివారందరూ బాలలే. వారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల నుండి సరిచూడదగిన సమ్మతి పొందాలి. వారి కదలికలను వెంటాడి గమనించడాన్ని, వారిని లక్ష్యంగా చేసికొని ప్రకటనలు చూపడాన్ని చట్టం నిషేధించింది. బాలల విషయంలో బాధ్యత తప్పిన సంస్థకు 200 కోట్ల రూపాయల వరకు, సమాచార భద్రతలో విఫలమైన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఇందుకు సంబంధించిన నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల ముఖ్య బాధ్యతలు అమలులోకి రావడానికి అవి పద్దెనిమిది నెలల వ్యవధి ఇచ్చాయి. ఇచ్చిన సమ్మతిని ఎంత సులువుగా ఇచ్చారో అంత సులువుగా వెనక్కు తీసుకొనే హక్కు కూడా చట్టంలో ఉన్నది. అసలు పరీక్ష ఇక్కడే. సమ్మతిని వెనక్కు తీసుకొంటే ఆట పోతుంది, అందులో పెట్టిన డబ్బూ పోతుంది అన్నప్పుడు, తీసుకొనేవారెందరు? బ్యాటిల్‌గ్రౌండ్స్ ఆటగాళ్ల ముందు 2021లో నిలిచిన ప్రశ్నకు చట్టం వచ్చినా పూర్తి జవాబు రాలేదు.

ప్రస్తుతానికి విద్యార్థి తన చేతిలోని ఫోనులో చేయగలిగిన పని ఒకటున్నది. గూగుల్ ఖాతా అమరికలలోను, ఫేస్‌బుక్ అమరికలలోను, ఆ ఖాతాతో కలిసి ఉన్న ఇతర యాప్‌లు, సేవల జాబితా కనిపిస్తుంది. ఎప్పుడో ఎనిమిదో తరగతిలో ఒక వారం ఆడి వదిలేసిన ఆట పేరు కూడా అందులో కనిపించే అవకాశం ఉన్నది. ఆట ఫోనులో నుండి పోయినా ముడి పోలేదన్నమాట. అక్కరలేనివాటిని అక్కడే తొలగించవచ్చు. అయితే ముడి విప్పినంత మాత్రాన, అంతకు ముందు వెళ్లిన సమాచారం తిరిగి రాదు. దానిని చెరిపివేయమని ఆ సంస్థను విడిగా కోరాలి. ఇప్పటికీ ఆడుతున్న ఆట విషయంలో మాత్రం తొందరపడరాదు. ప్రవేశానికి వేరే మార్గం ఏర్పరచుకొనకుండా ముడి విప్పితే ఆటలోని సంపాదన అంతా చేజారుతుంది.

సమ్మతి విషయంలో చట్టం గీసిన గీటు పద్దెనిమిదేళ్లు. ఓటుకు రాజ్యాంగం గీసిన గీటూ అదే. ఏఎస్ రావు నగర్ విద్యార్థి ఆ వయసు నిండి, ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసికొన్న తరువాత, ఎన్నికల నాడు ఏదో ఒక పాఠశాల వరండాలో వరుసలో నిలబడతాడు. అధికారి జాబితాలో అతని పేరు చూస్తాడు. రిజిస్టరులో సంతకం తీసుకొంటాడు. ఎడమచేతి చూపుడువేలికి సిరా చుక్క పెడతారు. తరువాత అతడు అట్ట చాటుకు వెళతాడు. అక్కడ ఉన్న యంత్రం ఆ నగర్‌కు పేరిచ్చిన వ్యక్తి నెలకొల్పిన కర్మాగారంలో, రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, తయారైనదే కావచ్చు. అది అతని పేరు అడగదు.

అభ్యాసం

1. ఓటింగ్ యంత్రం, పోలింగు రిజిస్టరు విడివిడిగా ఉండడానికీ, ఆటల ఖాతాలు కలిసి ఉండడానికీ గల భేదాన్ని వివరించండి.
2. బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా ఆటగాళ్లు 2021లో ఇచ్చిన సమ్మతి, 2023 నాటి చట్టం చెప్పే ‘స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి’ అవుతుందా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.
3. ఖాతాల అనుసంధానం వల్ల కలిగే మేళ్లలో రెండింటిని పేర్కొని, వాటికి రెండవ ఖాతా అవసరమో కాదో చర్చించండి.
4. ‘బెత్తం పోయి బెల్లంముక్క వచ్చింది’ – ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.